అంబట్లో అర మాత్ర

అప్పలరమణ నోట నురగ కక్కుకుని ఏటిగట్టు మీద పడి ఉన్నాడనీ, పక్కన ఎవరో ఆడమనిషి చెప్పు ఒకటి దొరికిందనీ, ఇద్దరు మనుషులు కాళ్లూ చేతులూ పట్టుకుని ఆటోలోకి ఎక్కించారనీ కుళాయి దగ్గర తలుపులమ్మ చెప్పిందట. తలుపులమ్మ గట్టు దాకా వెళ్లలేదు. ఆవిడకి పాలవాడు చెప్పాడు. పాలవాడికి ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. ఒక బిందె నిండేలోగా ఆ చెప్పుకి రంగు కూడా వచ్చింది. ఎర్రదట.

"పాతికేళ్లు పెనం కాడ కూకున్నోడి ఒంట్లో బెల్లం కాక ఉప్పుంటాదేటి?" అందట తలుపులమ్మ. "బెల్లం వండీవోడికి సుగరొత్తే అది మామూలు సుగరు కాదే అమ్మా. నాను ముందే సెప్పేను."

చెప్పూ లేదు, ఆడమనిషీ లేదు. నురగ కూడా కాదు, పొద్దున్న తాగిన రాగి అంబలి, మన చోడంబలి. మిగిలిందంతా నిజమే. రైలు వంతెన ఇంకా రెండు ఫర్లాంగులు ఉందనగా అతని మోకాళ్లు మడతపడ్డాయి. గడ్డిలో ముఖం పెట్టి పడిపోయాడు. పోయిన వారం మనం అతణ్ని విడిచిపెట్టింది అక్కడే.

నడుమ వచ్చి కూర్చున్నవాళ్లకి కాస్త వెనకటి సంగతి చెప్పాలి. అనకాపల్లికి ఆరు మైళ్ల అవతల పల్లెలో అప్పలరమణ బెల్లం వండేవాడు. నలభై మూడేళ్ల మనిషి. పెనంలో చెరకురసం కుతకుతలాడుతుంటే పాకం ఎప్పుడు దించాలో అతను చెయ్యెత్తి చెప్పాలి, గానుగ దగ్గర అందరూ ఆ చెయ్యి కోసం చూడాలి. అలాంటివాడికి కిందటి ఏడు నుంచి బుర్రలో పొగ పట్టింది. పచ్చి పిప్పి పొయ్యిలో వేస్తే మండదు, ఆరదు, పొగ మాత్రం ఇల్లంతా కమ్మేస్తుంది చూడండి, అలాగ. కారణం అంటూ ఏదీ లేదు. అదే అతని సిగ్గు. ఎవరైనా పోయారా అంటే పోలేదు, పంట పోయిందా అంటే పోలేదు. భాద్రపదంలో ఒక తెల్లవారుజామున రైలు వంతెన మీద నిలబడి గూడ్సు బండి కోసం ఎదురుచూస్తుంటే, పోలీసు సెలక్షన్లకి వెళ్లే కుర్రాళ్లని పరిగెత్తిస్తూ అటు వచ్చిన డ్రిల్లు మాష్టారు త్రినాధరావుగారు చూశారు. ఏమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని కిందికి దించి, "రా, నాతో పరిగెత్తు" అన్నారు. పరిగెత్తాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అప్పట్నుంచి రోజూ పరిగెత్తాడు. పొగ పోలేదు. పరిగెత్తినంతసేపూ, ఆ పైన రెండు మూడు గంటలూ పలచబడేది, అంతే. ఆ రెండు మూడు గంటల మీదే అతను మర్నాటి దాకా బతికేవాడు. విశాఖపట్నం వెళ్లి డాక్టరుకి చూపించుకో అని మాష్టారు పదేపదే చెప్పారు. రేపు మాపు అని ఇతను తప్పించుకున్నాడు. కార్తీకంలో మాష్టారు నక్కపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. సంగతి తెలిసిన ఒక్క మనిషీ అలా వెళ్లిపోయాడు.

మన వైపు నలభై దాటిన మగాడు పని లేకుండా పరిగెత్తడం ఎవరూ ఎరగరు. "ఏటి బావా, కానిస్టేబులు సెలక్షన్లకేటి? నిన్ను తీసుకుంటే దొంగలు కూడా నవ్వుతారు" అని టీకొట్టు దగ్గర పదిమందిలో బావమరిది పైడిరాజు అడిగేసరికి, అప్పలరమణ నోటికి అందిన మాట అనేశాడు. "సుగరు. డాక్టరు పరిగెట్టమన్నాడు." సుగర్ పెద్దమనుషుల జబ్బు. మండలాఫీసులో వాళ్లకి ఉంటుంది, హెడ్మాష్టర్లకి ఉంటుంది. బుర్రలో పొగ అని చెబితే వేపమండలు వస్తాయి, మంచానికి తాళ్లు వస్తాయి. సుగర్ అంటే ఊరంతా నవ్వి ఒప్పుకుంది. ఆ రోజు నుంచి గానుగ దగ్గర అతని చేతికి ఎవరూ బెల్లం ముక్క ఇవ్వలేదు. పాకం రుచి చూడబోతే పక్కవాడు గరిటె లాక్కునేవాడు.

అనకాపల్లిలో స్టేషన్ వెనక ఉన్న నర్సింగ్ హోములో అతను కళ్లు తెరిచేసరికి పది గంటలైంది. ఎడమ చేతికి గ్లూకోజు సీసా ఎక్కుతోంది. కాళ్ల దగ్గర భార్య చిన్నమ్మలు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పైడిరాజు కొత్తగా కొన్న సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని, సిగ్నల్ అందక కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాడు.

డాక్టరు వచ్చాడు. కుర్ర డాక్టరే గాని ముఖంలో అప్పుడే ముసలి చిరాకు ఉంది.

"బాబూ, సుగరు ఎంతుంది బాబూ?" అంది చిన్నమ్మలు.

"తెచ్చినప్పుడు ముప్పై రెండు."

"అమ్మయ్య!" అన్నాడు పైడిరాజు. "మా ఎదురింటాయనకి మూడొందలండి. ముప్పై రెండంటే దిగిపోయినట్టే."

డాక్టరు అతని వైపు తిరిగాడు. "దిగిపోవడం కాదయ్యా, అడుగంటిపోయింది. ఇంకో అరగంట గట్టు మీదే ఉండి ఉంటే మనిషి దక్కేవాడు కాదు. ఏ మాత్రలు వాడుతున్నాడు?"

"ఏవీ వాడడండి. అదే కదండీ మా అక్క ఏడుపు. సుగరు పెట్టుకుని మాత్ర మింగడు, పరిగెడతాడు."

"మాత్ర పడకుండా ఇంతకి దిగదు. ఇతనికి సుగర్ ఉందని ఏ డాక్టరు చెప్పాడు? కాగితాలేవి?"

అక్కాతమ్ముడూ మంచం మీది మనిషి వైపు తిరిగారు. అప్పలరమణ పైకప్పు వైపు చూస్తున్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి. అది లేకనే నిజం చెప్పాడేమో.

"ఎవరూ సెప్పనేదండి. నాకు సుగరు నేదు. నానే అన్నాను."

పైడిరాజు సెల్‌ఫోన్ జేబులో పెట్టేశాడు. చిన్నమ్మలు మాత్రం భర్త మాట దాకా రాలేదు, మాత్ర పడకుండా దిగదన్న డాక్టరు మాట దగ్గరే ఆగిపోయింది. ఆమె చెయ్యి నడుం దగ్గరి కొంగుముడి మీదికి వెళ్లింది. ముడి విప్పింది. లోపల వెండిరేకు అట్ట ఒకటి, సగం ఖాళీ.

"ఇవేటో సూడండి బాబూ."

డాక్టరు అట్ట తిప్పి చదివాడు. "ఇవెక్కడివి?"

"తలుపులమ్మ వొదినిచ్చింది. వాళ్లాయనకి ఇంజక్షన్లకి మార్సీసేరు, ఇవి మిగిలిపోనాయి, మంచి మాత్రలు, పారీడం ఎందుకు, మీ ఆయనకెయ్యి అన్నాది. ఈయన మింగడు కదా అని పొద్దున్న అంబట్లో నలిపి కలిపీదాన్ని. పుష్యమాసం నుంచండి. ముందు అర మాత్రే బాబూ. నిజంగా అర మాత్రే."

"తర్వాత?"

"తర్వాత ఈయన పరుగెక్కువ సేసేడు. ముందు వంతెన దాకా ఎల్లి వొచ్చీసీవోడు. సంకురాత్రెల్లినాక రెండుసార్లు తిరిగీవోడు. ఓలమ్మో, సుగరు ముదిరిపోతందనుకుని ఒక మాత్ర సేసేను. మొన్నట్నుంచి మూడుసార్లు తిరుగుతున్నాడు. అందుకని..."

"అందుకని?"

"ఒకటిన్నర."

గ్లూకోజు సీసాలో బుడగ ఒకటి పైకి వెళ్లింది. మంచం మీద అప్పలరమణ నవ్వాడు. ఇంట్లో ఎప్పుడూ వినిపించిన నవ్వు కాదు, గొంతులో ఏదో చిరిగినట్టు వచ్చింది. చిన్నమ్మలు భయపడి ఒకడుగు వెనక్కి వేసింది.

నవ్వాడంటే నవ్వడా మరి! ఐదు వారాలుగా పొద్దు పొడిచేసరికి ఒళ్లంతా చెమటలు. చేతులు వణికి గరిటె నిలిచేది కాదు. గుండె దడదడలాడేది, లోకం తన మీదికి కూలిపోతున్నట్టు ఉండేది. కిందటి మంగళవారం పాకం చూస్తూ చూస్తూనే ముదరబెట్టేశాడు. దిమ్మలన్నీ బొగ్గు రంగులో వచ్చాయి. పాతికేళ్లలో అలా జరగలేదు. "సుగరు కదా, పాపం" అన్నారు గానుగ దగ్గర. ఇతను మాత్రం, ఇంతకాలం పొగ, ఇప్పుడు మంట కూడా వచ్చేసింది, ఇంక పూర్తిగా పిచ్చే అనుకున్నాడు. అందుకే ఇంకాస్త పరిగెత్తాడు. అతను పరిగెత్తిన కొద్దీ ఆమె మాత్ర పెంచింది. ఆమె పెంచిన కొద్దీ అతను భయపడి పరిగెత్తాడు. మొగుడూ పెళ్లాం ఒకరి మీద ఒకరికి ఉన్న బెంగతో ఇద్దరూ కలిసి గట్టు మీద గొయ్యి తవ్వారు.

మాత్రలు! అంతా మాత్రలేనా? ఆ ఒక్క ఊపిరిలో అప్పలరమణకి గదిలో వెలుతురు పెరిగినట్టు అనిపించింది. అట్ట పారేస్తే పోయేదాన్ని పట్టుకుని ఇన్నాళ్లూ ఏడ్చానా అనుకున్నాడు. లేచి కూర్చుందామని మోచెయ్యి కూడా ఆనించాడు. అప్పుడు గుర్తొచ్చింది. వంతెన మీద నిలబడింది భాద్రపదంలో. మాత్రలు మొదలైంది పుష్యంలో. మధ్యలో నాలుగు నెలలు చోడంబలిలో చోడిపిండి, మజ్జిగ తప్ప ఏమీ లేవు.

మోచెయ్యి తీసేసి మళ్లీ పడుకున్నాడు.

"రెండు రోజులు ఇక్కడే ఉండాలి," అన్నాడు డాక్టరు. "ఈ మాత్ర ఒంట్లోంచి తొందరగా పోయేది కాదు. గంట గంటకీ తీపి ఏదైనా పెడుతూ ఉండండి. మత్తుగా ఉంటే వెంటనే నన్ను పిలవండి. ఒక పదిహేను రోజులు పరుగు ఆపాలి." అట్ట తన జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, ఇంకొకరి మందు ఇంకొకరికి పెట్టడం విషం పెట్టడమే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. చిన్నమ్మలుకి అదే ఎక్కువ తగిలింది.

చివరి ముక్కల్లో ఆమెకి వినబడినవి రెండే. విషం, పరుగు ఆపాలి. పదిహేను రోజులు అన్న మాట ఆమె చెవిలో పడనేలేదు.

పైడిరాజు కిందికి వెళ్లి కొట్లోంచి బెల్లం ముక్క కాగితంలో చుట్టించుకుని వచ్చాడు. "తిను బావా. నీకిప్పుడు ఇదే మందంట. సూసేవా సిత్రం!" అని నవ్వబోయి, అక్క ముఖం చూసి ఊరుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత అప్పలరమణ చేతికి బెల్లం వచ్చింది. వేళ్ల మధ్య నొక్కి చూశాడు. సున్నం ఒక చెంచా ఎక్కువ పడింది, పాకం ఒక పొంగు ముందే దించేశారు. అంతా వేళ్లకి తెలిసిపోయింది. నోట్లో వేసుకున్నాడు. నాలుక మీద కరిగింది. తీపి మాత్రం రాలేదు. ఇసక కరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

"బాగుందా?" అంది చిన్నమ్మలు.

"బాగుంది."

ఆమె స్టూలు లాక్కుని తలవైపు కూర్చుంది. "మావా, సుగరు నేదంతన్నావు. మరెందుకు పరిగెట్టేవు?"

"ఊరికే."

"ఊరికే ఎవులూ పరిగెట్టరు. కుక్క కూడా పరిగెట్టదు." ఆమె గొంతు తగ్గించింది. తమ్ముడు వింటాడని కాదు, తన మాట తనకే వినబడకూడదని. "వంతెన కాడ ఎవులైనా ఉన్నారేటి? ఉంటే సెప్పీ. నానేటీ అనను. తలుపులమ్మ వొదిన తలా తోకా నేకుండా ఏటేటో అంతంది. నిజమైనా పరవానేదు. నిజమైతే బాగున్ను కూడా."

అప్పలరమణ ఆమె వైపు తిరిగాడు. నిజమైతే బాగుండునని అతనికీ అనిపించింది. ఇంకో ఆడమనిషంటే ఇంట్లో తిట్లుంటాయి, జుట్లు పట్టుకోవడం ఉంటుంది, పంచాయితీ ఉంటుంది. అన్నిటికీ మాటలున్నాయి. దీనికే లేవు.

"ఎవులూ నేరే. నా బుర్ర బాగోదు."

"నొప్పేటి?"

"నొప్పి కాదు. దిగులు."

"దేనికి?"

"దేనికీ కాదు."

"దేనికీ కాకుండా దిగులేటి మావా?" అందామె. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. "తిండికి నేదా, బట్టకి నేదా? నాను నిన్నేటైనా అన్నానా? నా వల్లేటి?"

"నీ వల్ల కాదు. ఎవులి వల్లా కాదు. త్రినాధరావు మాష్టారు దానికి పేరు కూడా సెప్పేరు. డిప్రెషనన్నారు."

పైడిరాజు దగ్గరికి వచ్చాడు. "డిప్రెషనా? అది బంగాళాఖాతంలో కదా బావా వొచ్చీది! రేడియోలో సెప్తారు, కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్లు, మచిలీపట్నానికి ఇన్ని కిలోమీటర్లని."

"అదే పేరు."

"మనిషిలో ఎలగొత్తాది?"

"ఎలగొచ్చిందో నాకు తెల్దు బాబూ."

చిన్నమ్మలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాయుగుండమంటే ఆమెకి తెలుసు. చెరకు పడిపోతుంది, కరెంటు పోతుంది, రెండ్రోజులు ఇంట్లోంచి కదలడానికి ఉండదు, మూడో రోజు ఎండ కాస్తుంది. "మరి తీరం దాటిపోతాదా?" అంది ఆశగా.

అప్పలరమణ తల అడ్డంగా ఊపాడు. "ఏడాదైంది. తీరమెక్కడుందో కనపడనేదు."

"డాక్టరు బాబుతో సెప్పకపోనావా? ఇప్పుడే కదా వొచ్చేడు?"

"సెప్తే ఏటి సేత్తారే? మంచానికి కట్టీత్తారు. మీరు కట్టకపోయినా ఊరు కట్టీత్తాది. రేపట్నించి గానుగ కాడ నిప్పు దగ్గరికి నన్ను రానిత్తారా? పిచ్చోడి సేతికి పెనం ఇత్తారా?"

కట్టేస్తారని పైడిరాజుకి తెలుసు. పదేళ్ల కిందట పక్కవీధిలో ఒకణ్ని కట్టినప్పుడు తాడుకి ఒక కొస పట్టుకున్నది పైడిరాజే. ఆ సంగతి అప్పలరమణకీ తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"పోనీ బావా," అన్నాడు పైడిరాజు కాసేపటికి, "పరుగెందుకు, నడువు. మన పెసిడెంటుగారు నడుత్తారు. నడిత్తే ఎవులూ ఏటీ అనరు."

"నడిసి సూసేన్రా. నడిత్తే అది కూడా నా పక్కనే నడుత్తాది. పరిగెడితేనే కాసింత ఎనకబడతాది."

చిన్నమ్మలు ఏడవడం మొదలుపెట్టింది. ఇందాకటి నుంచి కొంగులో కుక్కుకున్నదంతా ఒక్కసారి వచ్చింది. మొగుడి బుర్ర సంగతి ఆమెకి సగమే అర్థమైంది. పూర్తిగా అర్థమైంది ఇంకొకటి. పొద్దున్నే తన చేత్తో గ్లాసు అందించింది. అడుగున పిండి మిగిలిపోతే చెంచాతో కలిపి, "అడుగుది కూడా తాగీ" అని నిలబడి మరీ తాగించింది.

"నా సేతుల్తో నిన్ను సంపీబోయేను మావా. నువ్వు ఏటిగట్టెక్కిన్రోజల్లా నా పేణం ఉండదు. ఇంక ఆ పరుగొద్దు. డాక్టరు బాబు కూడా మానీమన్నాడు."

"పదైదు రోజులన్నారే."

"పదైదు నేదు, పదారు నేదు. ఇంకోపాలి నువ్వు అక్కడ పడితే నాను బతకను. నీ బుర్రకి మొక్కుకుంటాను, నూకాలమ్మకి నిలువుదోపిడి ఇత్తాను, ఉపాసాలుంటాను, నువ్వేటి సెయ్యమంటే అది సేత్తాను. పరుగొక్కటీ మానీ. నా తల మీద సెయ్యేసి ఒట్టెయ్యి."

"ఒలే, ఒట్లొద్దు."

"ఎయ్యాలి."

సూది లేని చేతిని ఆమె రెండు చేతులతో పట్టుకుంది. పాకం చుక్కలు పడి కాలిన మచ్చలు ఆ చెయ్యంతా. ఎత్తి, తన పాపిట మీద పెట్టుకుంది. తల వంచి, కళ్లు మూసుకుని, గుడిలో నిలబడ్డట్టు ఎదురుచూసింది.

"ఒట్టేసీ బావా," అన్నాడు పైడిరాజు. "అక్కకి గుండె నిబ్బరంగా ఉంటాది. పరుగు మానీసినంత మాత్రాన కొంపలు మునిగిపోవు కదా."

అప్పలరమణ చెయ్యి తీయలేదు. ఆమె తల వెచ్చగా ఉంది. కొబ్బరినూనె, పొయ్యిపొగ కలిసిన వాసన వస్తోంది. తనకోసం ఇంత ఏడ్చే మనిషి ఉంటే చాలదా అని అతను తనని తానే అడిగాడు. చాలాలి. ఎందుకు చాలడం లేదో తెలియడం లేదు.

"ఒట్టేత్తాన్లే," అన్నాడు. "మరి నాను ఇంటికొచ్చీలోగా మన పెరటి నూతికి మూతేయించీయండి."